నీటి వర్ణపట రేఖలతో భారీ నక్షత్రాల తొలిదశను చదవడం: డెల్టా విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

కాకినాడ, రాజమహేంద్రవరం, అమలాపురం, భీమవరం కళాశాలల్లో భౌతికశాస్త్రం ఎమ్మెస్సీ చదివే విద్యార్థులు ప్రాజెక్టు అంశం వెతుక్కునేటప్పుడు ఖగోళశాస్త్రాన్ని పక్కన పెట్టడానికి సాధారణంగా చెప్పే కారణం, మన దగ్గర టెలిస్కోపు లేదన్నది. ఇక్కడ చెప్పబోయే అంశానికి ఆ కారణం చెల్లదు. నీటి అణువు వెలువరించే ముఖ్యమైన రేఖలను భూమ్మీది ఏ టెలిస్కోపూ చూడలేదు. వాటిని చూసిన అంతరిక్ష టెలిస్కోపు దత్తాంశం అంతా ఇప్పుడు ఉచితంగా అందరికీ అందుబాటులో ఉంది. ల్యాప్‌టాప్, ఓ మోస్తరు ఇంటర్నెట్, పైథాన్‌తో కొద్దిపాటి పరిచయం ఉంటే పని మొదలుపెట్టవచ్చు.

అడ్డంకి మన గాలిలోని ఆవిరి, ఆ రేఖలను అదే మింగేస్తుంది. వానాకాలంలో గోదావరి డెల్టా మీది వాతావరణంలో ఉన్న నీటి ఆవిరినంతా నేలమీదికి దించి నీరుగా మార్చగలిగితే అది 50 మిల్లీమీటర్ల మందం పైనే ఉంటుంది. చిలీలోని చాజ్‌నాంటోర్ పీఠభూమి మీద, 5,000 మీటర్ల ఎత్తున అల్మా టెలిస్కోపులున్న చోట, పొడి రోజుల్లో అది ఒక మిల్లీమీటరు లోపే. అయినా అక్కడినుంచి కూడా 557, 1113 గిగాహెర్ట్జ్ నీటి రేఖలు కనిపించవు. అందుకే 1998 డిసెంబరులో స్వాస్, 2001లో ఓడిన్, 2009 మే 14న హెర్షెల్ అనే టెలిస్కోపులు అంతరిక్షంలోకి వెళ్ళాయి. హెర్షెల్‌కు 3.5 మీటర్ల అద్దం, అతిసూక్ష్మమైన పౌనఃపున్య భేదాలను పసిగట్టే హైఫై అనే పరికరం ఉండేవి. ద్రవ హీలియం అయిపోవడంతో 2013 ఏప్రిల్ 29న దాని పరిశీలనలు ఆగిపోయాయి. భారీ నక్షత్రాల విషయంలో నీటి గురించి మనకు తెలిసినదాంట్లో అధికభాగం ఆ నాలుగేళ్ల దత్తాంశం నుంచి, ముఖ్యంగా ఎవీనా వాన్ డిషూక్ నాయకత్వంలో జరిగిన ‘విష్’ అనే పరిశీలనల నుంచి వచ్చింది.

మొదటి మెట్టు: ప్రశ్న, లక్ష్యం

సూర్యుడికి 8 రెట్ల కంటే ఎక్కువ ద్రవ్యరాశి ఉన్న నక్షత్రాలను భారీ నక్షత్రాలంటారు. ఇవి అరుదు, దూరంగా, గుంపుల మధ్య, దట్టమైన ధూళిలో పుడతాయి. పుట్టుక సుమారు లక్ష సంవత్సరాల వరుసలోనే ముగుస్తుంది కనుక ఏ దశనైనా పట్టుకోవడం కష్టం. పైగా, పెరుగుతున్న నక్షత్రం నుంచి వచ్చే కాంతి పీడనం లోపలికి పడుతున్న పదార్థాన్ని వెనక్కి నెడుతుంది. అయినా పదార్థం ఎలా పడుతోంది, ఎంత వేగంతో పడుతోంది అన్నదే అసలు ప్రశ్న. పరిణామ దశలను ఈ క్రమంలో చెబుతారు: మధ్య పరారుణంలో దాదాపు కనిపించని చల్లటి కోర్ (నక్షత్రం పుట్టే దట్టమైన వాయు ముద్ద), మధ్య పరారుణంలో ప్రకాశించే భ్రూణ నక్షత్రం, వేడి కోర్, చివరగా నక్షత్రం తన చుట్టూ హైడ్రోజన్‌ను అయనీకరించిన అతిచిన్న ప్రాంతం.

మొదటిసారి ఈ పని చేసేవారు ఒకే వస్తువును తీసుకోకుండా పక్కపక్కనే ఉన్న రెండు వస్తువులను తీసుకోవాలని నా అభిప్రాయం. దూరం, పరికరం, పరిసర రసాయనం ఒకటే అయినప్పుడు మిగిలే తేడా వయసుదే అని ధైర్యంగా చెప్పవచ్చు. అందుకు ఎన్‌జీసీ 6334 అనే మేఘం చక్కగా సరిపోతుంది. వృశ్చిక రాశి తోకలో, మూల నక్షత్రానికి మూడు డిగ్రీల దూరంలో ఉంటుంది. జూన్ రాత్రి అంతర్వేది తీరాన నిలబడి దక్షిణాన సముద్రం వైపు చూస్తే అది సుమారు 38 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. మేఘం కంటికి కనిపించదు కానీ చోటు గుర్తుపట్టవచ్చు. సుమారు 1.3 కిలోపార్సెకుల (ఒక కిలోపార్సెకు సుమారు 3,260 కాంతి సంవత్సరాలు) దూరంలోని ఆ మేఘంలో ‘6334ఐ’ అనే వేడి కోర్, దానికి ఉత్తరంగా సుమారు రెండు ఆర్క్ నిమిషాల దూరంలో ‘6334ఐ-ఉత్తర’ అనే ఇంకా చల్లటి, చిన్న వయసు కోర్ ఉన్నాయి. స్వాస్ దృష్టి వెడల్పు మూడు నాలుగు ఆర్క్ నిమిషాలు కనుక దానికి రెండూ ఒక్కటిగానే కనిపించేవి. హెర్షెల్ దృష్టి వెడల్పు 557 గిగాహెర్ట్జ్ వద్ద 38, 1113 వద్ద 19 ఆర్క్ సెకన్లు కాబట్టి రెండింటినీ విడదీసి చూడగలిగింది.

రెండో మెట్టు: ఏ రేఖలు కావాలి

నీటి అణువులో రెండు హైడ్రోజన్ కేంద్రకాల స్పిన్లు ఒకే దిశలో ఉంటే ఆర్థో, ఎదురెదురుగా ఉంటే పారా అంటారు. ఈ రెండు రకాలూ మామూలు ఢీకొట్టుళ్ల వల్ల ఒకటి మరొకటిగా మారవు కనుక రెండు వేర్వేరు అణువులుగానే లెక్కించాలి. వేడి వాయువులో వాటి నిష్పత్తి 3:1. శక్తిని ఉష్ణోగ్రతగా చెబితే, ఆర్థో అట్టడుగు స్థాయి పారా అట్టడుగు స్థాయి కంటే 34 కెల్విన్లు ఎత్తున ఉంటుంది.

పారా నీటిలో మూడు రేఖలు ఒక నిచ్చెనలా అమరి ఉన్నాయి. 1113.343 గిగాహెర్ట్జ్ వద్ద 1₁₁–0₀₀ (అణువు ఏ భ్రమణ స్థాయి నుంచి దేనికి దిగుతుందో చెప్పే గుర్తు), 987.927 వద్ద 2₀₂–1₁₁, 752.033 వద్ద 2₁₁–2₀₂. ఒక రేఖ పై స్థాయే తర్వాతి రేఖకు కింది స్థాయి అవుతుంది. పై స్థాయిల శక్తి వరుసగా 53, 101, 137 కెల్విన్లు. ఆర్థో వైపు 556.936 గిగాహెర్ట్జ్ వద్ద 1₁₀–1₀₁, 1669.905 వద్ద 2₁₂–1₀₁ అట్టడుగు స్థాయిని తాకే రేఖలు, 1097.365 వద్ద 3₁₂–3₀₃ రేఖ 249 కెల్విన్ల శక్తి గలది కనుక లోపలి వేడి వాయువు గురించి చెబుతుంది.

కొత్తవారు చాలామంది 557 గిగాహెర్ట్జ్ రేఖతో మొదలుపెడతారు. అది పేరున్నది, బలమైనది, అందంగా కనిపించేది. నేను మాత్రం చివరికి చూడమంటాను. ఆ రేఖ కాంతీయ మందం, అంటే కాంతిని దాటనివ్వని దట్టదనం, చాలా ఎక్కువ. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున రావులపాలెం నుంచి అమలాపురం వెళ్లే దారిలో కాలువ మీది మంచు ఎంత దట్టంగా ఉన్నా మనకు కనిపించేది ఎదుట ఉన్న పదడుగుల పొర మాత్రమే, దాని వెనక నుంచి వస్తున్న లారీ కాదు. ఈ రేఖ కూడా మనవైపున్న చల్లటి పొరనే చూపించి లోపలి కోర్‌ను దాచేస్తుంది. లోపలికి చూడాలంటే అరుదైన ఆక్సిజన్-18 ఉన్న నీటి రేఖలు కావాలి: 547.676, 1101.698 గిగాహెర్ట్జ్. మన పరిసర అంతర్నక్షత్ర ప్రదేశంలో ఆక్సిజన్-16, ఆక్సిజన్-18 నిష్పత్తి సుమారు 560. పాలపుంత కేంద్రం వైపు వెళ్లేకొద్దీ ఇది తగ్గుతుంది. అరుదైన రేఖ కాంతీయ మందం కేవలం 0.01 ఉన్నా సాధారణ నీటి రేఖ మందం 5 దాటుతుంది. ఎక్కడ చూసినా మొదట 1101.698, తర్వాత 988, 752, ఆ తర్వాత 1113, చివరగా 557 అన్న క్రమం పాటించాలి.

1101.698 రేఖ పక్కన ఒక చిక్కు ఉంది. కార్బన్-13 ఉన్న కార్బన్ మోనాక్సైడు 10–9 రేఖ 1101.350 గిగాహెర్ట్జ్ వద్ద వస్తుంది. నీటి రేఖ ప్రకారం వేగాల అక్షం వేస్తే అది సెకనుకు 95 కిలోమీటర్లు ఎక్కువ వేగం దగ్గర, తరచు నీటి రేఖ కన్నా బలంగా, కనిపిస్తుంది. దాన్ని చూసి ఏదో అతివేగ వాయుధారను కనుగొన్నామని సంబరపడకూడదు. అయితే అది ఉపయోగకరమే, ఎందుకంటే ఆవరణంలోని, అంటే కోర్ చుట్టూ ఉన్న పొరల్లోని, నెమ్మదైన వాయువు సగటు వేగాన్ని అది కచ్చితంగా చెబుతుంది.

మూడో మెట్టు: దత్తాంశం తెచ్చుకోవడం, శుభ్రపరచడం

హెర్షెల్ భాండాగారంలో లక్ష్యం పేరు, పరికరం పేరు ఇచ్చి వెతికితే హైఫై పరిశీలనలు వస్తాయి. ఒకే దిశకు గురిపెట్టిన పరిశీలనల ఫిట్స్ (ఖగోళ దత్తాంశం దాచే రూపం) ఫైళ్లు పెద్దవి కావు; ఫోన్ హాట్‌స్పాట్‌తో కూడా దిగుతాయి. రెండో స్థాయి వరకు శుద్ధి చేసిన ఫైళ్లనే తీసుకోవాలి. పరిశోధక బృందాలు మరింత జాగ్రత్తగా శుద్ధి చేసి తిరిగి అప్పగించిన ఫైళ్లు కూడా అక్కడే ఉంటాయి, అవి దొరికితే వాటికే ప్రాధాన్యం ఇవ్వాలి. పైథాన్‌లో ఆస్ట్రోపై అనే లైబ్రరీ వాటిని చదువుతుంది.

వచ్చిన ఉష్ణోగ్రతలు యాంటెన్నా ప్రమాణంలో ఉంటాయి. వాటిని ముందరి సామర్థ్యం 0.96తో గుణించి, ప్రధాన పుంజం సామర్థ్యంతో, అంటే బ్యాండును బట్టి 0.6 చుట్టూ ఉండే సంఖ్యతో, భాగించాలి. తర్వాత అడ్డ, నిలువు ధ్రువణాల వర్ణపటాలను ఒకదానిపై ఒకటి వేసి చూడాలి. రెండూ ఒకేలా ఉంటేనే సగటు తీయాలి.

ఇక్కడ తొందరపడకూడదు. హైఫై వర్ణపటంలో సుమారు 92 నుంచి 100 మెగాహెర్ట్జ్ ఆవర్తనం గల స్థిర తరంగాలు ఉంటాయి. ఇవి పరికరంలోని ప్రతిఫలనాల వల్ల వస్తాయి. 1113 గిగాహెర్ట్జ్ వద్ద 100 మెగాహెర్ట్జ్ అంటే సెకనుకు 27 కిలోమీటర్లు. భ్రూణ నక్షత్రం నుంచి ఎగజిమ్మే ప్రవాహం వల్ల రేఖ వెడల్పయ్యేదీ దాదాపు అంతే. ఆధారరేఖలోని ఒక అల రేఖ పునాది కింద పడితే అది చక్కటి ప్రవాహంలా భ్రమింపజేస్తుంది. కాబట్టి రేఖకు రెండువైపులా కనీసం ఐదారు అలలు పట్టేంత దూరం వర్ణపటం చూసి, సైన్ తరంగాన్ని అమర్చి తీసివేయాలి. తీసివేయకముందు, తీసివేసిన తర్వాత రేఖ రెక్కల (రెండువైపులా సాగిన అంచుల) వైశాల్యం ఎంత మారిందో రాసిపెట్టుకోవాలి. ఆ మార్పే ఆ రెక్కల అనిశ్చితి. రెండు ధ్రువణాల్లో అలల దశ సాధారణంగా వేరుగా ఉంటుంది కనుక ఒకదానిలో ఉండి రెండోదానిలో లేని రెక్కను నమ్మవద్దు.

నాలుగో మెట్టు: రేఖను భాగాలుగా విడదీయడం

భారీ కోర్లలో నీటి రేఖ ఎప్పుడూ ఒకే గుట్టలా ఉండదు. సెకనుకు 20 నుంచి 40 కిలోమీటర్ల వెడల్పున్న భాగం ప్రవాహాలది, 5 నుంచి 10 వరకు ఉన్నది ఆవరణానిది, సన్నటి శోషణలు మనకూ కోర్‌కూ మధ్యనున్న చల్లటి మేఘాలవి. ఆవరణం వేగం దగ్గరే శోషణ పడితే అది ఆవరణం బయటి పొర స్వీయశోషణ. 6334ఐ వేగం సెకనుకు సుమారు మైనస్ 7, ఉత్తరపు కోర్ వేగం సుమారు మైనస్ 4 కిలోమీటర్లు (మైనస్ అంటే మనవైపు). ఈ సంఖ్యలను స్థిరంగా పట్టుకుని గాసియన్లను అమర్చడం మొదలుపెట్టాలి. వెడల్పులను 988, 752 రేఖల నుంచి తీసుకుని 1113 రేఖలో అవే ఉంచి ఎత్తులను మాత్రమే వదిలేయండి. అన్ని సంఖ్యలనూ వదిలేస్తే కంప్యూటరు ఎప్పుడూ ఏదో ఒక సమాధానం ఇస్తుంది, దానికి భౌతికార్థం ఉండదు.

శోషణ కాస్త ఎర్రటి వైపు, ఉద్గారం నీలం వైపు ఉంటే వాయువు లోపలికి పడుతోందని అర్థం, ఎందుకంటే మనవైపున్న వాయువు కేంద్రం వైపు పడేటప్పుడు మన నుంచి దూరంగా పోతుంది. దీనికి తిరగబడిన రూపం కనిపిస్తే వాయువు బయటికి వస్తోంది. ఒకే కోర్‌లో 1113 రేఖ వ్యాప్తిని, 988 రేఖ పతనాన్ని చూపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు; ఒకటి బయటి పొరను, రెండోది లోపలి పొరను చూస్తోంది.

ఐదో మెట్టు: శోషణ నుంచి నీటి పరిమాణం

హైఫై రెండు పక్క పౌనఃపున్య పట్టీలను ఒకదానిపై ఒకటి వేసి ఇస్తుంది. ధూళి నుంచి వచ్చే నిరంతర కాంతి రెండు పట్టీల్లోనూ ఉంటుంది, నీటి రేఖ ఒకదానిలోనే ఉంటుంది. అందువల్ల పూర్తిగా నిండిపోయిన శోషణ కూడా సున్నాకు దిగదు, నిరంతర కాంతిలో సగం దగ్గర ఆగిపోతుంది. ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. నిరంతర కాంతి 4.0 కెల్విన్లు, శోషణ అడుగు 2.4 కెల్విన్ల దగ్గర ఉందనుకోండి. ఒక్క పట్టీ వాటా 2.0 కెల్విన్లు. శోషణ లోతు 1.6 కనుక మిగిలింది 0.4. నిష్పత్తి 0.2, దాని సహజ సంవర్గమానం గుర్తు మారిస్తే కాంతీయ మందం 1.6. సగం చేయడం మరచిపోతే నిష్పత్తి 0.6, మందం 0.5 వస్తుంది, నీరు మూడో వంతుకు పడిపోతుంది.

అణువులన్నీ అట్టడుగు స్థాయిలో ఉన్నాయని తీసుకుంటే, 1113 రేఖకు కాంతీయ మందాన్ని వేగం మీద సంకలనం చేసి వచ్చిన సంఖ్యను 2.3 × 10¹²తో గుణిస్తే చదరపు సెంటీమీటరుకు పారా అణువుల సంఖ్య వస్తుంది. 557 రేఖకు ఆ గుణకం సుమారు 4.7 × 10¹², అది ఆర్థో అణువులకు. మన ఉదాహరణలో వెడల్పు 3 కిలోమీటర్లు అయితే సంకలనం 5.1, పారా నీరు 1.2 × 10¹³, ఆర్థో కలిపితే సుమారు 4.7 × 10¹³. ఆ మేఘంలో హైడ్రోజన్ అణువులు 5 × 10²¹ అయితే నీటి వాటా సుమారు 10⁻⁸. అదృష్టవశాత్తు ఒకే మేఘం శోషణ 557, 1113 రెండింటిలోనూ నిండిపోకుండా కనిపిస్తే ఆర్థో, పారా నిష్పత్తిని ఊహించకుండా నేరుగా కొలవవచ్చు. చల్లటి, అణువులు పలచగా ఉన్న ముందరి మేఘాలకే ఈ సూత్రాలు సరిగ్గా వర్తిస్తాయి. కోర్ ఆవరణానికి ఇవి కనిష్ఠ పరిమితిని మాత్రమే ఇస్తాయి.

ఆరో మెట్టు: నమూనా కట్టడం

ధూళి కాంతి కొలతల నుంచి, అంటే హెర్షెల్ 70 నుంచి 500 మైక్రాన్ల పటాలు, అపెక్స్ టెలిస్కోపు 870 మైక్రాన్ల పటం నుంచి, కోర్ సాంద్రత కేంద్రం నుంచి ఎలా తగ్గుతుందో, ఉష్ణోగ్రత ఎలా తగ్గుతుందో ముందు తేల్చుకోవాలి. సాంద్రత సాధారణంగా దూరపు 1.5 ఘాతంతో తగ్గుతుందని తీసుకుంటారు. ఆ చట్రంలో నీటిని నింపుతారు.

నీటి వాటా రెండు అంకెలతో మొదలవుతుంది. 100 కెల్విన్ల కంటే చల్లటి చోట నీరు ధూళి రేణువుల మీద మంచుగా గడ్డకట్టి ఉంటుంది కనుక వాయువులో 10⁻⁹ నుంచి 10⁻⁸ వరుసలోనే మిగులుతుంది. 100 దాటితే మంచు కరగకుండానే ఆవిరై వాటా ఒక్కసారిగా 10⁻⁵ లేదా 10⁻⁴ వరుసకు ఎగబాకుతుంది. ఇంకా వేడెక్కి 250 కెల్విన్లు దాటితే ఆక్సిజన్ పరమాణువులు హైడ్రోజన్ అణువులతో నేరుగా కలిసి కొత్త నీటిని తయారుచేస్తాయి. వంద కెల్విన్ల హద్దు ఎక్కడుందో నక్షత్రం ప్రకాశం నిర్ణయిస్తుంది: సూర్యుడికి పదివేల రెట్లు ప్రకాశించే వస్తువుకు ఆ హద్దు సూర్యుడికీ భూమికీ మధ్య దూరానికి సుమారు 1,500 రెట్లు. 1.3 కిలోపార్సెకుల దూరం నుంచి అది 1.2 ఆర్క్ సెకన్ల వ్యాసార్ధం. హెర్షెల్ 19 ఆర్క్ సెకన్ల దృష్టిలో అది నిండేది రెండు శాతం లోపే. అందువల్ల లోపలి వాటాను అరుదైన ఆక్సిజన్ రేఖలు, 1097 వంటి ఎత్తైన రేఖలు కలిస్తేనే చెప్పగలం, అప్పుడు కూడా పెద్ద అనిశ్చితితోనే.

లెక్కకు లైడెన్ దత్తాంశ నిలయంలోని నీటి ఢీకొట్టుళ్ల రేట్ల ఫైలు కావాలి. ఒకే సాంద్రత, ఒకే ఉష్ణోగ్రత ఉన్న ప్రవాహానికి రాడెక్స్ అనే ప్రోగ్రాము చాలు. దాన్ని వెబ్‌లోనే నడపవచ్చు. పొరలు పొరలుగా ఉన్న ఆవరణానికి రాట్రాన్ అనే ప్రోగ్రాము కావాలి. అందులో మార్చవలసినవి నాలుగు: బయటి వాటా, లోపలి వాటా, పతన వేగం, అల్లకల్లోల వేగం. మొదట అల్లకల్లోలంతో రేఖల వెడల్పు, తర్వాత పతనంతో అసౌష్ఠవం, చివరికి వాటాలతో ఎత్తు సరిపోవాలి. అల్లకల్లోలం అంతటా ఒక్కటే అనుకుంటే ఎక్కువ శక్తి రేఖలు, తక్కువ శక్తి రేఖలు రెండూ ఒకేసారి సరిపోవు. 2012లో ఫాబ్రిస్ హెర్పిన్ బృందం డబ్ల్యూ43-ఎమ్ఎమ్1 అనే కోర్‌లో దాన్ని లోపలినుంచి బయటికి సెకనుకు 2.2 నుంచి 3.5 కిలోమీటర్ల వరకు పెంచవలసి వచ్చింది. ఆ చల్లదనంలో ధ్వని వేగం కిలోమీటరులో మూడో వంతు కూడా ఉండదు. భారీ కోర్లను నిలబెడుతున్నది వేడి పీడనం కాదనీ ఈ అల్లకల్లోలమనీ చెప్పడానికి ఇదొక బలమైన ఆధారమని నేను భావిస్తాను.

ఏడో మెట్టు: మేసర్లు

22.235 గిగాహెర్ట్జ్ వద్ద 6₁₆–5₂₃ రేఖ వాతావరణం గుండా వస్తుంది. 1969లో చార్లెస్ టౌన్స్ బృందం దీన్ని ఓరియన్ వంటి చోట్ల కనిపెట్టింది. 640 కెల్విన్ల పైనున్న ఈ స్థాయి ప్రవాహపు ఆఘాతాల్లో (పై స్థాయిలో ఎక్కువ అణువులు చేరేలా) తిరగబడి మేసర్‌గా, అంటే సూక్ష్మతరంగాల లేజర్‌లా, వెలుగుతుంది. నీటి పరిమాణాన్ని దీని నుంచి లెక్కించబోవద్దు. మేసర్ ప్రకాశం దానికి పనికిరాదు. స్థానానికి, చలనానికి మాత్రం దీన్ని మించినది లేదు. జపాన్ వేరా టెలిస్కోపులు ఓరియన్ మేసర్ల పారలాక్స్‌తో 2007లో ఆ మేఘం దూరాన్ని 437 పార్సెకులుగా కొలిచాయి. పుణె దగ్గరి జీఎంఆర్టీ రేడియో టెలిస్కోపు 1.45 గిగాహెర్ట్జ్ దాటదు కనుక ఈ రేఖ దానికి అందదు.

ఎనిమిదో మెట్టు: అల్మాతో దగ్గరగా

హెర్షెల్ దృష్టిలో కలిసిపోయిన లోపలి కోర్‌ను అల్మా విడదీస్తుంది. 183.310, 325.153 గిగాహెర్ట్జ్ రేఖలు పొడి రాత్రుల్లో అందుతాయి కానీ అవి కూడా తరచు మేసర్లే. 203.408 వద్ద ఆక్సిజన్-18 నీటి 3₁₃–2₂₀ రేఖ మేలైనది. 204 కెల్విన్ల స్థాయి కనుక వంద కెల్విన్ల హద్దు లోపలిదాన్నే చూపుతుంది. దాని పక్కనే 203.41 దగ్గర డైమిథైల్ ఈథర్ రేఖలు కలిసిపోతాయి. వేడి కోర్లలో ఈథర్ సమృద్ధిగా ఉంటుంది కనుక, దాని ఇతర రేఖల బలం చూసి ఇక్కడ ఎంత వాటా ఉంటుందో లెక్కగట్టి తీసేశాకే నీటిని కొలవాలి.

6334ఐ విషయంలో మరో జాగ్రత్త. 2015 ఆరంభంలో అందులోని ఎమ్ఎమ్1 అనే భ్రూణ నక్షత్రం ఒక్కసారిగా ప్రజ్వరిల్లి, తొలి అంచనాల ప్రకారం దాని ప్రకాశం సుమారు 70 రెట్లు పెరిగింది. చుట్టూ నీటి మేసర్ల అమరిక కూడా మారిపోయింది. హెర్షెల్ పరిశీలనలన్నీ 2013 ఏప్రిల్‌కే ముగిశాయి. 203 గిగాహెర్ట్జ్‌ను చూసే అల్మా ఐదో బ్యాండు సాధారణ పరిశీలనలకు 2018లో అందుబాటులోకి వచ్చింది. ప్రకాశం 70 రెట్లయితే వంద కెల్విన్ల హద్దు ఎనిమిది రెట్లకు పైగా బయటికి జరుగుతుంది కాబట్టి, ఆ రెండు దత్తాంశాలకూ వేర్వేరు ఉష్ణోగ్రతా నమూనాలు కట్టాలి. ఉత్తరపు కోర్‌కు ఆ అవసరం లేదు. పోలికకు స్థిరమైన కొలబద్దగా దాన్నే వాడండి.